నిండుకున్న జాడీ

నాకు అనుమానం ఎక్కువ. నాతో పనిచేసినవాళ్లందరూ ఈ మాట అన్నారు, కొందరు నా మొహం మీదే అన్నారు. పాలవాడు పాలు పోస్తుంటే నా కళ్లు పాల మీద ఉండవు, అతని రెండో చేతి మీద ఉంటాయి. ఎవరైనా నన్ను ఊరికే పొగిడితే, వీళ్లకు నాతో ఏం పని పడిందా అని ఆలోచిస్తాను. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, కొట్లో అంటుకున్నది. హనుమకొండలో మా నాయనకు కిరాణా కొట్టు ఉండేది. మిరియాల్లో బొప్పాయి గింజలు, మిరపపొడిలో ఇటుక పొడి, టీపొడిలో ఒకసారి వాడి ఎండబెట్టిన టీపొడి, ఇవన్నీ నాకు అక్షరాలతో పాటే తెలిసిపోయాయి. బస్తా దిగితే మా నాయన మూతి దగ్గర సరుకు చూసి ఊరుకునేవాడు కాదు. మోచేతి దాకా చెయ్యి దోపి అడుగు నుంచి గుప్పెడు తీసి వాసన చూసేవాడు.

అలాంటి ఇంట్లోంచి నేను నర్సు పనికి పోతానంటే బజారంతా ముక్కున వేలేసుకుంది. షావుకారు బిడ్డ మందికి పుండ్లు కడుగుతదట అని మా కొట్టు ముందే నిలబడి అనుకున్నారు. మా నాయన మాత్రం, "పోనియ్యి. కొట్ల కూసుంటే గిరాకీలను సుత దొంగలను జూసినట్టే సూస్తది" అన్నాడు. అది మెచ్చుకోలో వెక్కిరింపో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

నేను చెప్పబోయేది ఎనభైల మొదట్లో మాట. అప్పటికి వరంగల్లో ఒక దవాఖానలో, ఆడవాళ్ల ఆపరేషన్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. దవాఖాన పేరు చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు. ఆ రోజుల్లో అన్నిచోట్లా పద్ధతి ఒక్కటే. వార్డులో నా చేతికి మంచి పేరుండేది. సూది గుచ్చినట్టే తెలియదని, ఆ నర్సమ్మది హస్తవాసి మంచిదని పక్క వార్డుల నుంచి కూడా నా కోసం అడుగుతూ వచ్చేవాళ్లు. ఈ లోకంలో నాకు ఏ అనుమానమూ లేని విషయం అదొక్కటే, నా చెయ్యి.

మిరపకాయలు కోతకొచ్చే రోజుల్లో, నర్సంపేట అవతల ఒక ఊరి నుంచి ఒక రైతు కోడల్ని తీసుకొచ్చారు. టైఫాయిడ్ జ్వరం ముదిరి పేగుకు చిల్లు పడింది. పొట్ట కోసి ఆ చిల్లు కుట్టారు. పేగు మానే దాకా నోటితో చుక్క నీళ్లు కూడా తాగకూడదు. ఎక్కించేది ఎక్కిస్తేనే ప్రాణం నిలుస్తుంది. చూస్తే చేతుల్లో నరాలు ఎండిపోయి సూదికి దొరకడం లేదు. అలాంటప్పుడు కాలి చీలమండ దగ్గర చర్మం కాస్త కోసి, నరాన్ని పైకి తీసి, సన్నటి ప్లాస్టిక్ గొట్టం లోపలికి తోసి దారంతో కట్టేసేవాళ్లు. కట్‌డౌన్ అంటారు దాన్ని. సెలైను, మందులు, అన్నీ ఆ గొట్టంలోంచే పోవాలి.

ఆ పిల్లకు పాలు తాగే కొడుకున్నాడు. వాణ్ని ఊళ్లో ఎవరికో అప్పజెప్పి, వెంట అత్త వచ్చింది. భర్త మిరపకాయల బస్తాలతో ఎనుమాముల మార్కెట్టుకూ, అక్కణ్నుంచి దవాఖానకూ తిరుగుతుండేవాడు. మనిషి వస్తే ఘాటు ముందే వచ్చేది, వార్డులో సగం మంది తుమ్మేవాళ్లు.

గొట్టం కట్టిన హౌస్ సర్జన్ కుర్రవాడే కానీ, మాట దాచే రకం కాదు. బయటికొచ్చి నాతో, "సిస్టర్, ఒక కాలు వాడేసినం. ఇంకొక కాలే మిగిలింది. ఇది జాగ్రత్తగ కాపాడుండ్రి. ఆ పిల్ల నోటితోని నీళ్లు తాగేదాకా ఈ గొట్టం నడవాలె" అన్నాడు. నాకు చెప్పాలా అనుకున్నాను మనసులో.

మొదట బాగానే నడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం నేను కట్టు మార్చి, గొట్టం మొదలు తుడిచి, కొత్త సీసా తగిలించి వచ్చానో లేదో, ఆ పిల్లకు చలి మొదలైంది. మామూలు చలి కాదు. ఇనుప మంచం కాళ్లు గచ్చు మీద టకటకలాడాయి. పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు నాలుగు మంచాల అవతలికి వినిపించింది. ఉన్న దుప్పట్లన్నీ కప్పి, అత్త మీద పడి పట్టుకున్నా ఆగలేదు. చలి తగ్గాక ఒళ్లు పెనంలా కాలింది.

ఇలాంటి చలి మా వార్డుకు కొత్త కాదు. కట్‌డౌన్ పెట్టిన వాళ్లలో చాలామందికి వచ్చేది. దానికి మా దగ్గర ఒక మాట ఉండేది, రియాక్షన్. "రియాక్షన్ వచ్చింది" అనుకుని, ఒక సూది వేసి, దుప్పటి కప్పి, ఎవరి పని వాళ్లం చూసుకునేవాళ్లం. ఆ ఒక్క మాటతో అందరి నోళ్లూ మూతపడేవి. రోగి బంధువులు గుల్కోజు పడలేదనుకునేవాళ్లు. కొందరు తేరుకునేవాళ్లు, కొందరు పోయేవాళ్లు. పోతే జబ్బు వల్లే పోయారనేవాళ్లం.

కానీ ఈ పిల్లకు మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కూడా వచ్చింది. పొట్ట మీద కుట్లు బాగున్నాయి, పేగు మానుతోంది, మనిషి మాత్రం రోజురోజుకూ మంచానికి అతుక్కుపోతోంది. అప్పుడు నాకు రియాక్షన్ అనే మాట మీద అనుమానమొచ్చింది. ఎవరో ఏదో చేస్తున్నారు, అది గొట్టంలోంచి ఈ పిల్ల రక్తంలోకి పోతోంది. ఎవరు?

ముందు సీసాల మీద పడ్డాను. ప్రతి సీసానూ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వెలుగులో తిప్పి తిప్పి చూశాను, బూజు పోగులేమైనా తేలుతున్నాయేమోనని. ఏమీ లేవు. తర్వాత రబ్బరు గొట్టాలు. అప్పట్లో వాటిని కడిగి, మరగబెట్టి మళ్లీ వాడేవాళ్లం. వార్డు బాయ్ నీళ్లు మరగకముందే దించేస్తున్నాడని నా నమ్మకం. స్టవ్వు పక్కనే నిలబడి కాపలా కాశాను. "నా మీద గంత అనుమానముంటే మీరే మరగబెట్టుకోండ్రి సిస్టర్" అని అతను మూతి ముడుచుకున్నాడు. నీళ్లు మాత్రం బాగానే మరిగాయి. నాకు నిరాశగా కూడా అనిపించింది.

ఆ తర్వాత నా కళ్లు అత్త మీద పడ్డాయి. ఆమె మాటిమాటికీ కోడలి కాళ్ల దగ్గరికి జరుగుతోంది, నేను చూస్తే చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. ఒకరోజు కట్టు విప్పితే గాజుగుడ్డ కింద పసుపుపచ్చగా పొడి కనిపించింది.

"ఏందిది?" అని అరిచాను.

"బండారి బిడ్డా. ఐలోని మల్లన్నది" అంది ఆమె, నేను దానికి సంతోషిస్తానన్నట్టు.

మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు కానీ, బండారి అంటే మల్లన్న గుళ్లో ఇచ్చే పసుపు. నొసట పెట్టుకుంటారు, పశువులకు పెడతారు, కాపాడుతుందని పుండ్ల మీద కూడా చల్లుతారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ వెతుకుతున్న దొంగ దొరికినందుకు లోలోపల కాస్త ఉత్సాహం కూడా వచ్చింది. "ఇంకో మనిషి ప్రాణం మీద ఆటలా? నరానికి కోసిన చోట పొడి పోస్తవా? కోడల్ని సంపుకుంటవా?" అని వార్డంతా వినేలా కేకలేశాను. ఆమెను వరండాలోకి పంపించి, లోపల కాలు పెడితే ఊరుకోనన్నాను. ఆ చోటును జాడీలోని లోషన్ దూదితో మళ్లీ మళ్లీ తుడిచి, కొత్త కట్టు కట్టి, చేతులు దులుపుకున్నాను.

మర్నాడు చలి అంతకుముందు కంటే గట్టిగా వచ్చింది.

అత్త గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. నేను చెప్పినట్టే లోపలికి అడుగు పెట్టలేదు. అక్కణ్నుంచే, పుల్ల విరిచినట్టు అడిగింది. "నేను బైటనే ఉన్న గద నర్సమ్మా. మరి ఇయ్యాల ఎవ్వలు జేసిన్రు?"

నేను సీసా సర్దుతున్నట్టు అటు తిరిగాను.

"నేను సూస్తనే ఉన్న," అంది ఆమె. "వేరే నర్సమ్మ వచ్చిన దినం రాలే. నువ్వు వచ్చి, నువ్వు తుడిసి, నువ్వు ముట్టినంకనే వణుకుడు సురువైతాంది. నీ చేతుల ఏమో ఉన్నది. గందుకే నేను బండారి పెట్టిన."

అంటే, నేను ఆమెను కాపలా కాస్తున్నన్నాళ్లూ ఆమె నన్ను కాపలా కాస్తోంది. ఆ బండారి జబ్బుకు కాదు, నాకు పెట్టింది.

నేను ఒంటికాలి మీద లేవబోయాను. అప్పటికే వార్డంతా గుసగుసలు మొదలయ్యాయి. చేతబడి అనే మాట ఏదో మంచం దగ్గర వినిపించింది. సూది వేయడానికి పక్క మంచం దగ్గరికి పోతే ఆ ముసలామె చెయ్యి దుప్పటి లోపలికి లాక్కుంది. నా చేతి కోసం పక్క వార్డుల నుంచి వచ్చినవాళ్లు ఇప్పుడు నా చేతిని చూసి చేతులు దాచుకుంటున్నారు. పోయి కొళాయి దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

అయితే అనుమానం ఉన్న మనిషికి ఒక సుఖం ఉంది, ఎదుటివాళ్ల అనుమానం కూడా తొందరగా అర్థమవుతుంది. ఆమె చూసింది అబద్ధం కాదు. నేను రాని రోజు డ్యూటీ చేసినామె బద్ధకస్తురాలు, కట్టు విప్పదు, తుడవదు, సీసా తగిలించి పోతుంది. ఆ రోజు చలి రాలేదు. నేను శుభ్రం చేసిన రోజుల్లోనే వచ్చింది. సరే, నా చేతుల్లోనే ఉందనుకుందాం. నా చేతులు సబ్బుతో కడిగినవి. గాజుగుడ్డ యంత్రంలో ఆవిరి పట్టి వచ్చింది. పట్టకారు మరగబెట్టింది. ఇక మిగిలింది తుడిచే దూది. అది లోషన్ జాడీలోంచి వస్తుంది. లోషన్ అంటే క్రిములను చంపే మందు, దాన్ని అనుమానించడమేమిటి అని నాకే అనిపించింది. ఇంతవరకు నేను అనుమానించనిది అదొక్కటే అని కూడా అనిపించింది.

వార్డు మధ్య బల్ల మీద పెద్ద గాజు జాడీ ఉండేది. లోషన్‌లో నీళ్లు కలిపి, అందులో దూది ఉండలు నానేసేవాళ్లం. దాని బాధ్యత మా ఆయమ్మది. వార్డులో అందరికంటే పాత మనిషి, పనిలో వంక పెట్టడానికి ఉండదు. ఆమెను పిలిచి, "ఆ జాడీ ఖాళీ చేసి పట్టుకురా" అన్నాను.

ఆయమ్మ కదల్లేదు. లెంపలు వేసుకుంది. "గా మాట అనొద్దు సిస్టరమ్మా. పేషెంట్లున్న కాడ గట్లంటరా? నిండుకున్నది అనాలె."

"సరే, నిండుకున్నదా మరి?"

"లేదమ్మా," అంది, నిటారుగా నిలబడి. "నేను గీ వార్డుకు వచ్చినకాడికెల్లి ఒక్కనాడు సుత నిండుకోనియ్యలే. అడుగున జరంత ఉండంగనే మీదికెల్లి పోస్త."

"మరి కడిగేది ఎప్పుడు?"

"పైన పైన తుడుస్త గదమ్మా. నిండుగున్నదాన్ని ఎవ్వలన్న కడుగుతరా?"

ఆమెను నేనేం అనగలను? మా ఇంట్లోనూ అంతే. బియ్యం అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. డబ్బా అడుగు కనపడకముందే మళ్లీ పోస్తాం. ఉప్పు, పసుపు, కుంకుమ ఏదీ ఖాళీ కానివ్వం. మా నాయన కొట్లో సరుకు లేకపోతే లేదు అనేవాడు కాదు, రేపు వస్తది అనేవాడు. ఆయమ్మ వార్డును ఇల్లులాగే చూసుకుంది. రోగుల తలల దగ్గర ఖాళీ గిన్నె ఉండటం అరిష్టమని, ఏళ్ల తరబడి ఆ జాడీ అడుగు కనపడనివ్వలేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు కూడా. మాకెవరికీ తోచలేదు.

జాడీని బేసిన్‌లోకి నేనే వంచాను. పైనున్న లోషన్ తేటగా పారింది. అడుగున ఉన్నది పారలేదు, జారింది. గంజి చల్లారినట్టు జిగటగా, దూది పోగులతో కలిసి ముద్దగా పడింది. మగ్గిపోయిన పండు వాసన వచ్చింది. ఆ తియ్యటి వాసన నాకు కొత్త కాదు. ఆ పిల్ల కాలి కట్టు విప్పినప్పుడు వచ్చేది, పుండు వాసన అనుకున్నాను.

ప్రతి సాయంత్రం ఇంట్లో నేనొక పని చేస్తాను. గిన్నె అడుగున కాస్త పెరుగు ఉంచి, దాని మీద గోరువెచ్చని పాలు పోస్తాను. తెల్లారేసరికి గిన్నెడు పెరుగు తోడుకుంటుంది. ఈ జాడీలో మేం చేస్తున్నది సరిగ్గా అదే. అడుగున పాతది తోడు ఉంచి, మీద కొత్తది పోస్తున్నాం. కొళాయి నీళ్లతో పలచబడ్డ ఆ మందులో ఏదో ఒక క్రిమి చావకుండా అలవాటు పడింది. దాన్ని తరం తర్వాత తరం పెంచి, దూదితో తీసి, అందరి నరాల్లోకి గొట్టం దిగిన చోట పూస్తున్నాం. నేను అందరికంటే శ్రద్ధగా పూస్తున్నాను.

హౌస్ సర్జన్‌కు చెబితే నవ్వాడు. "సిస్టర్, క్రిములను సంపే మందుల క్రిములు బతుకుతయా?"

"ఆ మాట ల్యాబు వాళ్లను చెప్పమనండి. మీ మాట మీద నాకు నమ్మకం లేదు" అన్నాను. మర్యాద కాదు, కానీ ఆ రోజు నా దగ్గర మర్యాద మిగల్లేదు. అతను కోపం తెచ్చుకోకుండా జాడీ అడుగు ముద్ద కొంచెం సీసాలో వేసుకున్నాడు. ఆ పిల్ల కాలి గొట్టం తీసేస్తే అది దిగిన చోట చీము ఉంది. గొట్టం కొస కత్తిరించి అది కూడా పట్టుకెళ్లాడు. తర్వాత ల్యాబు నుంచి వచ్చి, నా వైపు చూడకుండా, బల్ల వైపు చూస్తూ, "రెండిట్ల ఒక్కటే క్రిమి ఉన్నది సిస్టర్. దానికి పనిచేసే సూదిమందు చెప్పిన్రు" అన్నాడు.

అదంతా తేలేదాకా నేను ఆగలేదు. ఆ రోజే రెండో కాలికి గొట్టం పెట్టాల్సి వచ్చింది. ఇది కూడా చెడితే ఇంక కాళ్లు లేవు, ఆ పిల్లకు నీళ్లు పోయే దారి లేదు. జాడీని మరగబెట్టి, ఎండలో బోర్లించమన్నాను. ఆయమ్మ మళ్లీ మొండికేసింది. "సావు బతుకుల మధ్య పిల్ల ఉన్నది. గీ టైముల గిన్నె బోర్లిస్తరా అమ్మా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెతో వాదించే ఓపిక లేదు, ఆమె లేకుండా వార్డు నడవదు. చివరికి స్టోరులోంచి రెండో జాడీ తెప్పించాను. పొద్దున్నే మరగకాచి చల్లార్చిన నీళ్లతో, ఆ ఒక్క రోజుకు సరిపడా లోషన్ ఒక జాడీలో కలపాలి. రెండోది ఆలోగా కడిగి మరగబెట్టాలి. మర్నాడు అటుది ఇటు. "వార్డుల ఎప్పుడు ఒక జాడీ నిండుగనే ఉంటది. నీ మాట తప్పదు, సరేనా?" అన్నాను. ఆయమ్మ ఆలోచించి, "గట్లయితే సరే" అంది. బోర్లించడానికి మాత్రం ఒప్పుకోలేదు. పక్కకు పడుకోబెట్టి ఆరబెట్టింది.

తర్వాత వరండాలోకి పోయాను. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుని మొహం తిప్పుకుంది.

"లోపలికి రా," అన్నాను. "నా చేతుల మీద అనుమానమున్నది గద. మంచం పక్కన కూసోని నా చేతులే సూడు. ఆ గొట్టం అతుకులు, ఆ కట్టు ఎంగిలి కావద్దు. సబ్బు పెట్టి కడుక్కోకుండ ఎవరు ముట్టినా ఒర్లు, గట్టిగ కేకెయ్యి."

ఎంగిలి అనేసరికి ఆమెకు మరో మాట అక్కర్లేకపోయింది. "నిన్ను సుత ఒర్లాల్నా?" అని అడిగింది.

"నన్నే ముందు."

ఆమె ఆ మాటను మనసులో పెట్టుకుంది. కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. వార్డు బాయ్ సీసా మార్చబోతే కేకేసింది. మిరపకాయల చేతుల్తో వచ్చిన కన్నకొడుకును మంచం దగ్గరికే రానివ్వలేదు. ఒకసారి నేను చేతులు కడుక్కుని వస్తూ, అలవాటుగా నెత్తి మీద టోపీ సర్దుకున్నాను. "చెయ్యి నెత్తికి ముట్టింది. మళ్ల కడుక్కో" అంది. అందరి ముందూ. నాకు ఒళ్లు మండింది. మండుతూనే వెనక్కి పోయి కడుక్కున్నాను. ఆ వార్డులో నా మీద పెత్తనం చేసిన మొదటి మనిషి ఆమె.

మధ్యాహ్నం అయ్యేసరికి నేను కూడా ఆ మంచం దగ్గరికే వచ్చి కూర్చునేదాన్ని. చలి వచ్చే వేళ అది. ఆ పిల్ల భుజం కాస్త కదిలినా, అత్తా నేనూ ఒకేసారి లేచేవాళ్లం. ఆ రోజు రాలేదు. మర్నాడు రాలేదు. రానందుకు కూడా నాకు అనుమానమే. థర్మామీటరు పాడైందేమోనని ఇంకోటి తెచ్చి పెట్టాను, ముందు నా నోట్లో పెట్టుకుని చూసుకుని, కడిగి. జ్వరం నిజంగానే దిగుతోంది. కట్టు విప్పితే గొట్టం మొదట్లో చీము లేదు, ఎరుపు లేదు, వాసన లేదు. నేను వంగి మరీ వాసన చూశాను.

ఒక పొద్దున హౌస్ సర్జన్ పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి పేగుల కదలిక విని, "గ్యాస్ పోయిందా?" అని అడిగాడు. ఆ పిల్ల సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకుంది. అత్త మాత్రం, "పోయింది సారూ, మంచిగ పోయింది!" అని వార్డంతా వినేలా చెప్పింది. అందరూ నవ్వారు. ఆ రోజే చెంచాతో నీళ్లు పట్టమన్నాడు. నేనే పట్టాను. మొదటి చెంచా మింగి, ఆ పిల్ల కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది. ఇంకొంచెం పొయ్యమని అడిగింది. తర్వాత జావ. తర్వాత గొట్టం తీసేశాం.

వార్డులో మిగతావాళ్ల చలులు కూడా తగ్గాయి. మా పెద్ద సిస్టర్ ఒప్పుకోలేదు. "ఎండలు ముదిరినై గదా, రియాక్షన్లు తగ్గుతయి" అంది. నేను వాదించలేదు. జాడీలు రెండూ రోజూ మారుతున్నాయా లేదా అని మాత్రం చూసుకునేదాన్ని. ఆయమ్మ మారుస్తూనే ఉంది, నేను ఆమె వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆమెకు అది నచ్చేది కాదు.

వాళ్లు ఇంటికి పోయే రోజు, భర్త మూటలు కిందికి చేరవేస్తున్నాడు. ఆ పిల్ల మంచం అంచున కూర్చుని, కొడుకు తనను గుర్తుపడతాడో లేదోనని అప్పటికే బెంగపడుతోంది. దవాఖాన నుంచి పోయేటప్పుడు ఎవరూ పోయొస్త అనరు, మళ్లీ రావాల్సి వస్తుందని. అత్త కూడా అనలేదు. నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి చూసింది. ఇంకా అనుమానం తీరలేదా అనుకున్నాను.

"ఏం సూస్తానవ్?" అన్నాను, కాస్త కటువుగానే.

"మంచిగైనయి" అంది.

"ఏం మంచిగైనయి? నా చేతులకేమైంది? అది జాడీల ఉన్నదని చెప్పిన గద."

"జాడీల సంగతి నాకేం తెలుసు బిడ్డా. నీ మీద నాకు కోపం లేకుండె. గంత అల్కగ సూది ఏసే చేతులు ఊకనే గట్లెందుకైతయి? ఎవ్వలో కానోళ్లు నీ చేతులకు చేతబడి చేసిన్రు అనుకున్న. నువ్వు నన్ను బైటికి పంపినంక ఏం పనున్నది నాకు? వరండాల కూసోని మల్లన్నకు మొక్కిన. నా కోడలి పానం నిలబెట్టు, గా పిల్ల చేతులు బాగు చెయ్యి అని. నీ పేరు తెల్వకపాయె. నర్సమ్మ అని చెప్పిన."

నేను ఆమెను దొంగను చూసినట్టు చూసిన రోజుల్లో, గుమ్మం బయట కూర్చుని ఆమె చేసిన పని అది. నన్ను అనుమానిస్తూనే నా మీద జాలిపడింది. నేను ఇంతమందిని అనుమానించాను కదా, ఒక్కరి మీదైనా జాలిపడ్డానా అనిపించింది. అంతే, ఏడుపొచ్చింది. వార్డులో అందరూ చూస్తుండగా, చేతులు ఆమె చేతుల్లో ఉండగా ఏడ్చాను.

ఆమె కంగారుపడి నా చేతులు వదిలేసి, నా కళ్లు తుడవడానికి కొంగు అందుకుంది. మొహం దాకా తెచ్చి ఆగింది.

"ఆగు బిడ్డా," అంది. "చేతులు కడుక్కోలే."